ల్యాబ్ నుంచి రేవు దాకా పరిశోధనను మోసుకొచ్చేది ఎవరు?

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్ళాను, పోయిన డిసెంబర్‌లో. మా స్నేహితుడి బాబాయికి అక్కడ ఒక మరబోటు ఉంది. ఐసు దించేవాళ్ళు, డీజిల్ డ్రమ్ములు దొర్లించేవాళ్ళు, ఖాళీ గంపలతో వేలంపాట కోసం ఎదురుచూస్తున్న ఆడవాళ్ళు, ఇంత సందడి మధ్యలో ఆయన ఒక పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. నేనూ తొంగిచూశాను. తెలుగులోనే ఉంది. ఒక రేవు పేరు, అక్కడినుంచి ఏ దిక్కుకు, ఎన్ని డిగ్రీల కోణంలో, ఎన్ని కిలోమీటర్లు పోవాలి, అక్కడ నీటి లోతు ఎన్ని మీటర్లు, చివర అక్షాంశం, రేఖాంశం. అంతే. "మీటర్లంటే మాకు ఓ పట్టాన అందదు బాబూ, బారల్లోకి తిప్పుకోవాల" అన్నాడు. బార అంటే రెండు చేతులూ చాచినంత, సుమారు ఆరడుగులు. లోతును అలా మనసులోనే మార్చుకుని, కలాసీతో రెండు మాటలు మాట్లాడి, జీపీఎస్‌లో అంకెలు కొట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ నాలుగు లైన్ల కబురు ఆయన చేతికి ఎలా వచ్చిందో వెతుక్కుంటూ పోతే నాకు చాలా రోజులు పట్టింది. ఎక్కడో ఒక సైంటిస్టు ఏదో కనిపెడతాడు, అది జనానికి అందుతుంది అని మనం మామూలుగా అనుకుంటాం. ఆ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో, ఎన్ని సంస్థలు చేతులు మారుస్తూ దాన్ని మోసుకొస్తాయో, ఎక్కడ ఒక్క చెయ్యి జారినా మొత్తం ఎలా ఆగిపోతుందో మాట్లాడుకోం. యూనివర్సిటీలో జరిగే పరిశోధన మనకు పనికిరావడం లేదని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. తిట్టాల్సినవాళ్ళు యూనివర్సిటీలో లేరేమో, లోపం మధ్యదారిలో ఉందేమో అని నాకు అనిపిస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ కబురు సంగతే చూద్దాం. చేప ఎక్కడుందో ఉపగ్రహానికి కనబడదు. దానికి తెలిసేవి రెండు: సముద్రం పైనీటి వేడి, ఆ నీటి రంగు. రంగులో పత్రహరితం జాడ ఎక్కువగా ఉంటే అక్కడ వృక్ష ప్లవకాలు, అంటే కంటికి కనిపించనంత సన్నటి మొక్కల్లాంటి జీవులు, దండిగా ఉన్నాయని అర్థం. వాటిని తినే చిన్న జీవులు అక్కడికి చేరతాయి, వాటికోసం కవ్వలూ నెత్తళ్ళూ లాంటి చిన్న చేపలు, వాటి వెనకాల పెద్ద చేపలు. చల్లటి నీరూ వెచ్చటి నీరూ కలిసే అంచు దగ్గర ఈ మేత పోగవుతుంది. ఆ అంచును ఉపగ్రహ చిత్రంలో పట్టుకుని, దగ్గర్లోని రేవు నుంచి దూరమూ దిక్కూ లెక్కకట్టి పంపితే, మత్స్యకారుడు చేపను వెతకడానికి కాల్చే డీజిల్ మిగులుతుంది.

ఈ ఆలోచనకు వేళ్ళు మన ఊళ్ళోనే ఉన్నాయి. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాడు. బంగాళాఖాతాన్ని పద్ధతిగా కొలవడం అనేది మన దేశపు యూనివర్సిటీల్లో దాదాపు అక్కడే మొదలైంది. మన అధ్యాపకులూ విద్యార్థులూ ఆయనతో కలిసి ఓడ ఎక్కి నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, అడుగు లోతు కొలిచారు. ఎండాకాలం మొదట్లో తీరం వెంట వీచే గాలికి పైనీరు నడిసముద్రం వైపు జరిగి, అడుగునుంచి చల్లటి నీరు పోషకాలతో సహా పైకి ఉబికి వస్తుందని విశాఖ తీరంలో గమనించి రాసింది కూడా అప్పుడే, 1954లో. విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అనే పేర్లు కూడా లాఫాండ్ రచనల్లోనే కనిపిస్తాయి. ఒకటి యూనివర్సిటీ పేరు, మిగతా రెండూ అప్పటి భూగర్భ శాస్త్ర ఆచార్యుడివీ వైస్ ఛాన్సలర్‌వీ. బీచ్ రోడ్డులో నిలబడి చూసే ఆ నీళ్ళ కింద మన యూనివర్సిటీ పేరుతో ఒక లోయ ఉందని నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు, తెలిశాక గర్వంగా అనిపించింది.

కానీ 1954లో అచ్చయిన ఆ వ్యాసం ఒక్క కిలో చేపను కూడా పట్టివ్వలేదు, దానంతట అది పట్టివ్వజాలదు కూడా. అది పనికి రావాలంటే సముద్రం మొత్తాన్ని రోజూ చూసే కన్ను కావాలి. అంతరిక్ష శాఖ ఆ కన్ను ఇచ్చింది, 1999 మేలో ఎగిరిన ఓషన్‌శాట్ ఉపగ్రహంతో నీటి రంగును మన సొంతంగా చూడటం మొదలైంది. చూసినదాన్ని రోజువారీ సూచనగా మార్చే పని ఎవరిది? ప్రొఫెసర్‌ది కాదు, ఆయనకు పాఠాలున్నాయి, పీహెచ్‌డీ విద్యార్థులున్నారు. రాకెట్ ఎగరేసేవాళ్ళదీ కాదు. అందుకే అదే 1999లో హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ పెట్టారు, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. పేరులోనే ఉంది చూడండి, పరిశోధన అని కాదు, సమాచార సేవలు అని. అలల ఎత్తు, గాలి, సునామీ హెచ్చరిక, చేపలుండే చోటు, ఇవన్నీ జనానికి అందించడమే వాళ్ళ ఉద్యోగం.

అక్కడితోనూ అయిపోలేదు. హైదరాబాద్‌లో తయారైన సూచన రేవులో ఉన్న మనిషి చేతికి రావాలి, ఆయన భాషలో రావాలి. దీనికి మత్స్యశాఖ ఉంది, రేవుల్లో పెట్టిన డిస్‌ప్లే బోర్డులున్నాయి, స్వచ్ఛంద సంస్థలున్నాయి. 1988లో చెన్నైలో పుట్టిన ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇక్కడ చేసిన పని చిన్నది కాదు. పుదుచ్చేరి దగ్గరి ఊళ్ళలో వాళ్ళు పెట్టిన విజ్ఞాన కేంద్రాల్లో ఆ రోజుల్లో అలల ఎత్తు వివరాలను ఇంటర్నెట్‌లోంచి దించుకుని మైకులో చదివేవారు. 2004 డిసెంబర్ 26న నల్లవాడు అనే ఊరికి సింగపూర్ నుంచి సునామీ గురించి ఫోన్ వస్తే, అదే మైకులో చెప్పి జనాన్ని ఊరు దాటించారు. అలల ఎత్తు చదవడానికి పెట్టుకున్న మైకు అది. తర్వాత అదే సంస్థ మత్స్యకారుల కోసం ఫోన్ యాప్ చేసింది, అది తెలుగులోనూ వచ్చింది.

ఇప్పుడు లెక్కపెట్టండి. యూనివర్సిటీ, అంతరిక్ష శాఖ, ఇన్‌కాయిస్, మత్స్యశాఖ, స్వచ్ఛంద సంస్థ, ఫోన్ కంపెనీ. ఆఖరున మీటర్లను బారల్లోకి తిప్పుకునే బాబాయ్. ఆయన్ని కూడా నేను ఈ వరసలోనే లెక్కేస్తాను, ఎందుకంటే ఆ అంకెలు చేపలుగా మారేది ఆయన అనుభవంతోనే.

సరే, పరిశోధన ఎందుకు తనంతట తాను నడిచి రాదు? యూనివర్సిటీలో మనిషికి ప్రమోషన్ రావాలంటే పేపర్లు లెక్కపెడతారు. ఒక రైతు పొలంలో రెండేళ్ళు తిరిగి ఒక పద్ధతిని గట్టిగా పరీక్షించిన ప్రొఫెసర్ కంటే, అదే రెండేళ్ళలో ఆరు పేపర్లు అచ్చేసినాయనకు దారి సులువు. ఆ పేపర్లు ఇంగ్లీషులో ఉంటాయి, వాటిలో చాలావాటిని డబ్బు కడితేనే చదవగలం. దీనికి కొంత విరుగుడుగా కేంద్రం 2025 జనవరి 1 నుంచి ఒకే దేశం ఒకే చందా అనే పథకం మొదలుపెట్టింది, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్ళు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో అందరికీ అందేలా, మూడేళ్ళకు 6,000 కోట్లతో. మంచి పని. చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీలో చదివే పిల్లకి కూడా ఐఐటీ వాళ్ళు చదివే జర్నల్ దొరుకుతుంది. కానీ జర్నల్ దొరికినంత మాత్రాన అది రేవుకో పొలానికో చేరదు, దాన్ని విప్పి చెప్పేవాళ్ళు వేరే ఉండాలి.

ఇక కంపెనీల వైపు నుంచి చూస్తే వాళ్ళకూ ఒక భయం ఉంది. ల్యాబ్‌లో గ్లాసుడు తయారైంది ఫ్యాక్టరీలో ట్యాంకుడు తయారవుతుందని నమ్మకం ఏమిటి? ఆ సంగతి తేల్చడానికయ్యే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? పరిశోధనకు గ్రాంటు ఇచ్చినవాళ్ళు మా పని పేపర్ దగ్గర అయిపోయింది అంటారు, బ్యాంకులు అమ్మకాలు చూపించండి అంటాయి. ఈ మధ్యలో పడి పోయేవే ఎక్కువ, అందుకే దీన్ని మరణ లోయ అంటారు. ఈ లోయ మీద వంతెన వెయ్యడమే నేను చెబుతున్న సంస్థల పని, ఒక్కొక్కటి ఒక్కో చోట వేస్తుంది.

ఓటు వేసినప్పుడు మన ఎడమచేతి చూపుడువేలికి పూసే సిరా తెలుసు కదా. దాన్ని తయారుచేసే పద్ధతి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పుట్టింది. అందులోని సిల్వర్ నైట్రేట్ చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలి, కడిగినా పోని మచ్చగా మారుతుంది. ప్రయోగశాలవాళ్ళు సిరా వ్యాపారం చెయ్యరు. 1953లో కేంద్రం పెట్టిన నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, ఎన్‌ఆర్‌డీసీ అంటారు, ఆ పద్ధతిని 1962లో మైసూరులోని ఒక ప్రభుత్వ రంగుల కంపెనీకి లైసెన్సు మీద ఇప్పించింది. ఆ ఏడాది ఎన్నికల నుంచి ఇవాళ్టి దాకా ఆ మచ్చ మన వేళ్ళ మీద ఉంది. ఎన్‌ఆర్‌డీసీ ఆ సిరా కనిపెట్టలేదు, తయారు చెయ్యలేదు, ఇద్దరిని కలిపి కాగితం రాయించింది, అంతే. ఆ కాగితం లేకపోతే సిరా ల్యాబ్ సీసాలోనే ఎండిపోయేది. ఈ సంస్థకు విశాఖలోనూ ఒక కేంద్రం ఉంది, పేటెంట్ల విషయంలో సాయం చేస్తుంది. ఊళ్ళో ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నా ఆ సంగతి చాలామంది విద్యార్థులకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పేటెంట్ గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ గందరగోళం. పేటెంట్ వచ్చింది అంటే వస్తువు వచ్చింది అని కాదు. నేను కనిపెట్టినదాన్ని నా అనుమతి లేకుండా ఇంకొకరు వ్యాపారానికి వాడకూడదు అనే హక్కు అది, దరఖాస్తు చేసిన నాటి నుంచి 20 ఏళ్ళు. ఆ హక్కును ఎవరికైనా లైసెన్సు ఇచ్చి, వాళ్ళు సరుకు తయారుచేస్తేనే అది జనం దాకా వస్తుంది, లేకపోతే గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం. ఇంకోటి, చాలామంది మావాళ్ళు చేసే పొరపాటు, ముందు కాన్ఫరెన్సులో చదివేసి పేపర్ అచ్చేసి ఆ తర్వాత పేటెంట్‌కి వెళ్తారు. అప్పటికి సాధారణంగా కొత్తదనం పోయినట్టే లెక్క. మొదట దరఖాస్తు, తర్వాతే పేపర్. 2021 నుంచి విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజుల్లో 80 శాతం తగ్గింపు ఉంది, కాబట్టి డబ్బు లేదు అనే మాట ఒకప్పుడున్నంత గట్టిగా ఇప్పుడు లేదు. కావలసింది ఏది దరఖాస్తు చెయ్యదగ్గదో, ఏది కాదో చెప్పగలిగే మనిషి, ఆ మనిషి ఉండే చిన్న ఆఫీసు. పెద్ద ఐఐటీల్లో అలాంటి ఆఫీసులున్నాయి, మామూలు కాలేజీల్లో ఒక అధ్యాపకుడికి ఆ బాధ్యతను అదనంగా తగిలిస్తారు, ఆయన ఏం చెయ్యగలడు?

ఇప్పుడు స్టీల్‌ప్లాంట్ వైపు పోదాం. పెదగంట్యాడ దగ్గర 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ ఉంది, అంటే వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీల కోసం కట్టిన ప్రాంగణం, 2016లో మొదలైంది. కొవిడ్ వచ్చినప్పుడు వెంటిలేటర్లూ, పరీక్ష కిట్లూ అక్కడ తయారయ్యాయని అందరూ విన్నారు. కానీ దాని అసలు విలువ నాకు అర్థమైంది ఒక విద్యార్థి ప్రాజెక్టు వల్ల. మా బంధువుల అమ్మాయి, ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో, పురిటి పిల్లల ఒంటి వేడి చూస్తూ తేడా వస్తే మోగే చిన్న పట్టీ ఒకటి చేసింది. పనిచేస్తోంది. మరి ఆసుపత్రిలో ఎందుకు పెట్టకూడదు? పెట్టకూడదు, ఎందుకంటే అది పసిబిడ్డ ఒంటికి తగిలే వస్తువు. కరెంటు లీకు కాదని పరీక్ష చెయ్యాలి, పక్కన ఫోన్ మోగితే, స్కానింగ్ మిషను తిరిగితే దాని అంకెలు చెదరవని తేల్చాలి, ఆ రబ్బరు బిడ్డ చర్మానికి పడుతుందో లేదో చూడాలి, వీటన్నిటికీ అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. మన దేశంలో 2017 వైద్య పరికరాల నిబంధనలున్నాయి. ఒక్కో పరీక్షకు కావలసిన గది, మిషను ఖరీదు కోట్లలో ఉంటుంది. ఒక చిన్న కంపెనీ వాటిని కొనలేదు, కాలేజీ అసలే కొనలేదు. అలాంటి గదులన్నీ ఒకేచోట కట్టి, అందరూ అద్దెకు వాడుకునేలా పెట్టడమే మెడ్‌టెక్ జోన్ చేసిన పని. ఊళ్ళో అందరికీ కలిపి ఒక పిండిమర ఉన్నట్టు. ఎవరి బియ్యం వాళ్ళవే, మర మాత్రం ఒకటే. మా అమ్మాయి పట్టీ ఇంకా ఆ దారిలోనే ఉంది, సర్క్యూట్ రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. కానీ ఎక్కడికి వెళ్ళి ఎవర్ని అడగాలో ఆ పిల్లకి తెలుసు, మా తరానికి అది తెలియదు.

కొత్త కంపెనీలను సాకే ఇంక్యుబేటర్ల గురించి చాలామంది రాస్తున్నారు కాబట్టి నేను రెండు మాటలతో వదిలేస్తాను. ఆంధ్ర యూనివర్సిటీలో, ఐఐఎంలో, గీతంలో, అన్నిచోట్లా ఉన్నాయి. కూర్చోడానికి చోటు, లెక్కలు చూసేవాళ్ళు, పెట్టుబడి పెట్టేవాళ్ళ పరిచయం, కొద్దిగా డబ్బు ఇస్తారు. బయోటెక్నాలజీ వైపు అయితే 2012లో పెట్టిన బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ ఆలోచన దశలో ఉన్నవాళ్ళకు 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది, తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు. సరిగ్గా ఆ లోయ మధ్యలో అందించే చెయ్యి అది.

అయితే అన్నిటికీ కంపెనీ పెట్టి అమ్మడమే దారి అనుకుంటే పొరపాటు, ఎక్కువ పరిశోధన అసలు వస్తువుగా మారేది కాదు. ఆర్కే బీచ్ సంగతే తీసుకోండి. ఇసుక ఎందుకు కోసుకుపోతోంది? మన తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడతాయి. హార్బర్ కోసం కట్టిన అడ్డుగోడల దగ్గర ఆ ఇసుక ఆగిపోతుంది, దాటి బీచ్ దాకా రాదు, బీచ్ నుంచి పోయేది మాత్రం పోతూనే ఉంటుంది. దీన్ని కొలిచి చెప్పింది పరిశోధకులు. మన ఊళ్ళో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పుణేలో నీటి మీద నమూనాలు కట్టి పరీక్షించే కేంద్ర సంస్థ ఉంది. ఆ కొలతల వల్లే ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తవ్వి బీచ్ వైపు పోయించడం పోర్టు బాధ్యతైంది. ఇక్కడ పరిశోధనను జనం దాకా తెచ్చింది ఒక ఆఫీసు నిర్ణయం. అమ్మేదేమీ లేదు, లైసెన్సు లేదు, సాయంత్రం పిల్లలు ఆడుకునే ఇసుక ఉంది.

పొలాల వైపు ఈ మధ్యదారి మనకు బాగా పాతది. అనకాపల్లిలో చెరకు మీద 1913 నుంచి పరిశోధన జరుగుతోంది, అక్కడి బెల్లం మార్కెట్‌కీ ఆ పరిశోధన స్థానానికీ ఉన్న బంధం ఈ ప్రాంతం రైతులకు చెప్పక్కర్లేదు. కానీ పరిశోధన స్థానంలో పండింది రైతు చేలో పండుతుందా అనేది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి పెట్టినవే కృషి విజ్ఞాన కేంద్రాలు, మొదటిది 1974లో పుదుచ్చేరిలో, ఇప్పుడు దేశంలో 700 దాటాయి. వాళ్ళ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. కొత్త రకాన్ని ముందు కొద్దిమంది రైతుల పొలాల్లోనే, రైతు చేతులతోనే, పాతదాని పక్కన వేయించి చూస్తారు. నిలబడితే అప్పుడు మరికొన్ని ఎకరాల్లో ప్రదర్శనగా వేసి చుట్టుపక్కల ఊళ్ళను పిలుస్తారు. చెప్పేది సైంటిస్టయినా నమ్మించేది పక్క పొలం రైతు.

మన దగ్గర అలాంటి కేంద్రం ఒకదాన్ని నడిపేది భగవతుల చారిటబుల్ ట్రస్టు, రాంబిల్లి మండలం హరిపురంలో. దాన్ని 1976లో స్థాపించిన బి.వి. పరమేశ్వరరావు గారు అమెరికాలో పీహెచ్‌డీ చేసి తిరిగి తన సొంత ఊరు దిమిలికి వచ్చేసిన మనిషి. ముందు ఊళ్ళో హైస్కూలు కోసం జనాన్ని కూడగట్టారు, తర్వాత బీడు భూములు, ఆడవాళ్ళ పొదుపు, చదువులు, ఇలా పోయింది. పీహెచ్‌డీ చదువు ఊళ్ళో ఏం పనికొచ్చింది అని అడిగితే, సమస్యను ముక్కలుగా విడదీసి ఒక్కోదాన్ని పరీక్షించి చూసే అలవాటు పనికొచ్చింది అని నేను అంటాను. పరిశోధన నుంచి సమాజానికి అందే లాభాల్లో అదీ ఒకటి, ఏ లెక్కలోకీ రాదు.

ఇక నన్ను ఇది రాసేలా చేసిన సంగతి. మా ఇంటికి దగ్గర్లోని ఒక జాలరిపేటలో ఇసుక మీద చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళకు కొన్నేళ్ళ కిందట ఒక సంస్థ సోలార్ డ్రయ్యర్ ఇచ్చింది. ఇనుప చట్రం, పైన దళసరి ప్లాస్టిక్, లోపల జాలీ అరలు. వస్తువు మంచిది. ఇసుక అంటదు, ఈగ వాలదు, వాన వచ్చినా పరిగెత్తక్కర్లేదు, ఎండిన నెత్తళ్ళకు ధర కూడా బాగా పలికింది. రిబ్బన్ కత్తిరించి ఫొటోలు దిగారు, రిపోర్టులో ఇంతమంది మహిళలకు లబ్ధి అని రాసుకున్నారు. రెండో ఏడు గాలివానకు ప్లాస్టిక్ చిరిగింది. పోయిన నెల వెళ్ళి చూస్తే ఆ చట్రంలో పాత వలలు కుక్కి ఉన్నాయి, చేపలు మళ్ళీ ఇసుక మీదే ఉన్నాయి. "పెట్టె బానే ఉంది బాబూ, ఆ కవరు ఎక్కడ దొరుకుద్దో సెప్పినోళ్ళు నేరు" అంది అక్కడి అక్క. పొడుగు వెడల్పులు కూడా ఆవిడకు నోటికి వచ్చు, కొనడానికి డబ్బులు పోగేసుకున్నారు కూడా. ఏ రకం ప్లాస్టిక్, ఎక్కడ అమ్ముతారు, ఈ ఒక్క ముక్క తెలియక మొత్తం మూలపడింది. ఆ సంస్థకు ఫోన్ చేస్తే ప్రాజెక్టు కాలం ముగిసింది అన్నారు.

ప్రాజెక్టు కాలం ముగిసింది. ఈ మాట ఎన్ని ఊళ్ళలో ఎన్ని వస్తువుల మీద దుమ్ములా పేరుకుని ఉందో. మనం డబ్బు పెట్టేదంతా మొదటి మైలు మీద, పొగిడేదంతా ప్రారంభోత్సవాన్ని. దేశం మొత్తం మీద పరిశోధనకు పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఉంది, అది పెంచాలని 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేశారు, ఐదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు. రావాలి, ఇంకా ఎక్కువ రావాలి. కానీ అందులో కొంచెమైనా ఆ చిరిగిన ప్లాస్టిక్ కోసం, ఫోన్ ఎత్తి జవాబు చెప్పే మనిషి జీతం కోసం పక్కన పెట్టకపోతే, కొత్త డ్రయ్యర్లు వస్తాయి, కొత్త వలలు వాటిలో చేరతాయి.

దారి రెండువైపులా నడిస్తే, అంటే ల్యాబ్ కూడా జనం ఇబ్బంది చూసి తన పని మార్చుకుంటే, ఎలా ఉంటుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దేశంలో సముద్రంలో పంజరం కట్టి చేపలు పెంచడం 2007లో మన విశాఖలోనే పండుగప్పతో మొదలుపెట్టింది. మొదటి పంజరం 15 మీటర్ల వ్యాసం, ఖరీదైన ప్లాస్టిక్ గొట్టాలు. అంత పెద్దది, అంత ఖరీదు పెట్టి మామూలు మత్స్యకారుడు ఎక్కడ కొంటాడు? తర్వాతి ఏళ్ళలో దాన్ని 6 మీటర్లకు తగ్గించి, తుప్పుపట్టని పూత వేసిన ఇనుప గొట్టాలతో చవగ్గా కట్టే పద్ధతి తెచ్చారు. అప్పుడు గుంపులు గుంపులుగా మత్స్యకారులు దిగారు.

రెండోది తాబేళ్ళది. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, బోటు వెనకాల ఈడ్చుకుపోయే ట్రాల్ వలల్లో చిక్కి ఊపిరాడక చస్తాయి. తాబేలు తప్పించుకునే ఏర్పాటు లేకుండా పట్టిన సముద్రపు రొయ్యల్ని కొనబోమని అమెరికా 1989లోనే చట్టం చేసింది, 2019 నుంచి మన సముద్రపు రొయ్యలు ఆ మార్కెట్‌కి పోవడం లేదు. వల మెడలో ఏటవాలు కమ్మీలున్న ఒక చట్రం కడితే రొయ్యలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు కమ్మీల మీద జారి పై కన్నంలోంచి బయటపడుతుంది. కానీ ఆ కన్నంలోంచి పెద్ద చేపలు కూడా పోతాయని బోటువాళ్ళ భయం, అది ఉత్తి భయం కాదు, వాళ్ళ రోజు కూలి అందులో ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, దానికి విశాఖలోనూ కేంద్రం ఉంది, విదేశీ నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టకుండా మన బోట్లకూ మన వలలకూ సరిపడేలా, చేప నష్టం తగ్గేలా సొంత నమూనా చేసింది. అయినా ఇప్పటికీ చాలా బోట్ల మీద అది లేదు. నమూనా కుదిరినా నమ్మకం కుదరాలి కదా, దానికి బోటు ఎక్కి, వల లాగి, ఎంత పోయిందో ఎంత నిలిచిందో డ్రైవరు కళ్ళ ముందే తూచి చూపించాలి, ఒక్కసారి చాలదు, సీజన్ పొడవునా చూపించాలి.

హార్బర్‌లో ఆ బాబాయిని నేను అడిగాను, ఫోన్‌లో చెప్పిన చోటికి వెళ్తే ప్రతిసారీ చేప ఉంటుందా అని. ఉంటుంది, ఒక్కోసారి ఉండదు, ఏ చేపో చెప్పదు, కవ్వల కోసం కట్టిన వల పట్టుకుని వెళ్తే అక్కడ వేరేది ఉంటే ఏం లాభం అన్నాడు. ఈ మాట మీరు ఎవరికైనా చెప్పారా అంటే, ఎవరు అడిగారు అన్నాడు. ఆయన నలభై ఏళ్ళుగా ఏ నెలలో ఏ లోతులో ఏ చేప దొరికిందో గుర్తు చెప్పగలడు. ఉపగ్రహం అంచనా కట్టలేనిది అదే.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. మరబోట్లన్నీ రేవులో కట్టేసి ఉంటాయి, డ్రైవర్లూ కలాసీలూ అక్కడే నీడలో కూర్చుని వలలు కుట్టుకుంటూ ఉంటారు. కాలేజీలకు వేసవి సెలవులు పడేదీ అప్పుడే. యూనివర్సిటీ నుంచి హార్బర్‌కి ఆటోలో అరగంట కూడా పట్టదు. ఒక నోట్‌బుక్ పట్టుకుని విద్యార్థులు ఆ 61 రోజుల్లో రోజుకు ఒక్క బోటు దగ్గర కూర్చున్నా 61 బోట్ల జ్ఞాపకం కాగితం మీదికి వస్తుంది. దీనికి కొత్త సంస్థ అక్కర్లేదు, ఉన్న డిపార్ట్‌మెంట్లలో ఒకరు పూనుకుంటే చాలు. లోతు మాత్రం బారల్లోనే రాసుకోండి.